ఆ కొక్కెం విప్పింది నేనే

ఆదివారం

ఆ పెట్టె నేను తెరవలేదు. ముందుగా అది రాసిపెడుతున్నాను. తర్వాత సంగతి తర్వాత.

నేను మూడో తరగతిలో ఉండగా నాన్న ఇనప్పెట్టెలోంచి ఆయన జేబు గడియారం పోయింది. తాళం పగలలేదు. ఎవరో తీరుబడిగా తెరిచి, తీసుకుని, మళ్ళీ తాళం వేశారు. నాన్న అందరినీ వరసగా నిలబెట్టి అడిగాడు. అన్న నా వైపు వేలు చూపించి "వాడే" అన్నాడు. అంతే, ఒక్క మాట. నాన్న కొట్టలేదు. కొట్టినా బాగుండేది. మర్నాడు బడికి బదులు తాళాల మేస్త్రి కొట్టుకి తీసుకెళ్ళి, "వీడి వేళ్ళకి ఈ విద్య పుట్టుకతోనే వచ్చింది, కూడు పెట్టే పనికి వాడుకోండి" అని వదిలేసి వచ్చాడు. అప్పటికి నాకు తాళంచెవి ఎటు తిప్పాలో కూడా సరిగ్గా తెలియదు.

అన్న చదువుకుని తపాలా ఆఫీసులో కుర్చీ ఎక్కాడు. నేను ఆకురాయి పట్టాను. ఈ ఊళ్ళో నేను తెరవలేని తాళం లేదు, అది వేరే మాట. కానీ కూడబలుక్కుని చదువుతాను. రాస్తే కోడి గీకినట్టుంటుంది. చదివేది నేనే కాబట్టి ఫర్వాలేదు.

ఇప్పుడు అన్న గుండె కోసి, కుట్టి, ఇంటికి పంపారు. పగలు దగ్గర ఉండటానికి మనిషి కావాలట. వదిన పోయి చాలాకాలమైంది. కూతురికి ఉద్యోగం. దాన్ని నేను పిట్ట అంటాను, చిన్నప్పుడు అంత సన్నగా ఉండేది. "బాబాయ్, నువ్వు తప్ప నాకెవరున్నారు?" అంది. రేపటి నుంచి కొట్టు మూసి వెళ్తున్నాను. పిట్ట అడిగిందని. ఆయన కోసం కాదు.

సోమవారం

వెళ్ళాను. మాట్లాడుకోలేదు. మేము మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందో దేవుడికి తెలియాలి. ఏమైనా ఉంటే గోడకి చెప్తాం.

"ఎవరైనా కాసిని మంచినీళ్ళిస్తే తాగేవాళ్ళున్నారు" అన్నాడు గోడతో.

"కుండ దగ్గరే ఉంది. కాళ్ళున్నవాళ్ళు తాగొచ్చు" అన్నాను తలుపుతో.

"గుండె కోసినవాళ్ళు లేవకూడదన్నాడు డాక్టరు."

ఇచ్చాను. గ్లాసు చప్పుడయ్యేలా పెట్టాను.

ఆయన చేతికి ఒక పట్టీ ఉంది. పిట్ట చేసిందే. ఆఫీసులో వాళ్ళ పని అదేనట. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోగి చేతికి కడితే, నాడి ఎలా కొట్టుకుంటోందో పిట్ట ఫోనుకీ డాక్టరుకీ పంపిస్తూ ఉంటుంది. ఇంకా అమ్మకానికి రాలేదు. ముందు సొంత తండ్రికి కట్టి చూస్తోంది. మొదటిది బరువుగా ఉందని ఈయన మంచం కింద పడేశాడు. రెండోది దురద పెడుతోందని స్నానాలగదిలో దాచాడు. అందుకని ఇప్పుడు మూడోదానికి చిన్న కొక్కెం పెట్టింది. గోరంత తాళంచెవి ఉంటేనే వస్తుంది. అది పిట్ట మెడలో ఉంటుంది.

"చూడు బాబాయ్, కొక్కెం ఎలా ఉంది? ఈ విషయం నిన్నే కదా అడగాలి" అంది.

దీనికి పిన్నీసు చాలమ్మా అని నోటిదాకా వచ్చింది. పిల్ల ముఖం వెలిగిపోతోంది. "బాగుంది" అన్నాను.

మంగళవారం

అన్న పొద్దుటి నుంచి ఒకటే గోల. పట్టీ కింద చెమటకి చర్మం ఎర్రబడింది.

"గంట కట్టిన ఎద్దు నయం, అది కనీసం చెవులైనా ఊపుకుంటుంది" అన్నాడు గోడతో. మళ్ళీ, "ఊళ్ళో ఎవరో గొప్ప తాళాల మేస్త్రి ఉన్నాడంటారు. ఆడపిల్ల పెట్టిన రవ్వంత కొక్కెం దగ్గర ఆయన విద్య ఆగిపోయినట్టుంది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. చొక్కాకి ఉన్న పిన్నీసు తీశాను. ఒక నొక్కు, ఒక తిప్పు. పట్టీ ఊడి ఆయన ఒళ్ళో పడింది.

"ఆ వేళ్ళకి ఇంకా తుప్పు పట్టలేదే" అన్నాడు.

ఆ మాటకి ఏం అర్థముందో ఆయనకే తెలియాలి.

అంతలో ఫోను మోగింది. "బాబాయ్, నాన్నకేమైంది? నాడి ఆగిపోయిందని వచ్చింది!" నేను నోరు తెరిచేలోపే పెట్టేసింది. ఏ బండి పట్టుకుని వచ్చిందో, ఒక కాలికి చెప్పు లేదు. మెట్ల మీద కూలబడి ఏడ్చింది. మేము గబగబా మళ్ళీ తగిలించేశాం కాబట్టి పట్టీయే ఏదో పొరపాటు పడిందనుకుంది. తన పనిలోనే లోపం అనుకుని రాత్రంతా దాన్ని విప్పి చూస్తానంది.

నేను చెప్పలేదు. అన్న కూడా చెప్పలేదు. మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని ఇదేనేమో.

గురువారం

పిట్ట ముఖం అలా మళ్ళీ చూడలేను. అందుకని ఒక ఉపాయం. భోజనమయ్యాక అన్న నిద్రపోయేటప్పుడు పట్టీ విప్పి నా చేతికి పెట్టుకుంటాను. రెండు ఊపిరుల మధ్య అయిపోతుంది. పిట్ట ఫోనుకి ఏ కబురూ వెళ్ళదు. లేచాక మళ్ళీ ఆయనకి.

తాళానికి చెయ్యి ఎవరిదో తెలియదు, తాళంచెవి మాత్రమే తెలుసు. ఇదీ అంతే. కొట్టుకునే గుండె ఒకటుంటే దానికి చాలు.

శుక్రవారం

అన్న హాయిగా పడుకున్నాడు. చర్మం పక్కు కట్టింది. మంచిదే అయింది.

ఆదివారం

పిట్ట ఇంట్లో ఉంది. మార్చుకోలేదు.

సోమవారం

ఇవాళ కూడా మార్చుకున్నాం. అన్న నిద్రలోకి జారేముందు గోడతో, "ఎవరో పుణ్యాత్ములు" అన్నాడు. నేను విననట్టు కూర్చున్నాను. ఎన్నాళ్ళకో ఒక మంచి మాట. గోడకే అనుకో.

బుధవారం

డాక్టరు అన్న మాత్ర మార్చాడు. బలమైంది ఇచ్చాడు, రోజుకి రెండుసార్లు. గుండె వేగం తగ్గించడానికట. పిట్ట డబ్బాలో గళ్ళు గళ్ళుగా సర్ది, ఎప్పుడేది ఇవ్వాలో నాకు చూపించింది.

"పొద్దున్నా రాత్రీ బాగానే ఉంటోంది బాబాయ్. మధ్యాహ్నాలే గుర్రంలా పరిగెడుతోంది. పడుకున్నప్పుడు కూడా. ఎందుకో డాక్టరుకీ అర్థం కావడం లేదు."

గురువారం

మధ్యాహ్నాలు.

శుక్రవారం

కాదు. అలా అయ్యుండదు. వయసొచ్చింది, మెట్లెక్కి వస్తాను, ఆయాసం ఉంటుంది, అంతవరకే. నా గుండెకేం. ఎప్పుడూ నా కోసం ఆసుపత్రి గడప తొక్కనివాణ్ణి.

మెడ మీద వేలు పెట్టి చూసుకున్నాను. రెండు నెమ్మదిగా, ఒకటి ఆగి, తర్వాత గబగబా. తాళంచెవి పోగొట్టుకున్నవాడు తలుపు బాదినట్టు.

చెయ్యి తీసేశాను. చూడకపోతే లేదు.

శనివారం

చెప్పేద్దామనే వెళ్ళాను. పిట్ట వంటింట్లో ఉంది. అడుగుల చప్పుడు విని, "బాబాయ్, ఆసుపత్రివాళ్ళు మన పట్టీ బాగుందన్నారు. నాన్న రోగం మధ్యాహ్నం పూట దాక్కుంటే ఇదే పట్టుకుందట. ఇంక వేరే రోగులకి కూడా కట్టి ఇంటికి పంపుతారట!" అంది. చేతికి తడి ఉన్నా నా చెయ్యి పట్టుకుంది.

"ఏంటి బాబాయ్, ఏదో చెప్పబోయావు?"

"ఏం లేదు. వీధి తలుపు గడియ బిగుసుకుంది. నూనె వెయ్యాలి."

దొంగకు తేలు కుట్టినట్టుంది నా పని. అరవడానికి లేదు. అరిస్తే ముందు అడిగేది, కొక్కెం ఎవరు విప్పారు అని. విప్పింది నేనే. ఈసారి నేనే. ఒకసారి చెయ్యనిదానికే జన్మంతా మోశాను. ఇప్పుడు చేసింది కూడా నెత్తికెత్తుకోమంటే ఎలా?

మార్చుకోవడం మానేస్తే సరి. అన్న చేతికే ఉంచితే అన్న గుండే కనబడుతుంది. వాళ్ళే చూసుకుని మాత్ర తగ్గిస్తారు. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. ఇదే బాగుంది.

సోమవారం

"ఇవాళ్టి నుంచి మార్చుకోవడాలు లేవు" అన్నాను తలుపుతో.

"ఎవరికో భయం పట్టుకుంది."

"ఎవరికీ భయం లేదు. పనివాళ్ళకి పనుంది."

గోడ వైపు నుంచి తల తిప్పి, తిన్నగా నా ముఖంలోకి చూశాడు. "చిన్నోడా, ఈ చెయ్యి మంటరా" అన్నాడు.

నన్ను ఆ పేరుతో పిలిచి ఎన్నాళ్ళయింది.

విప్పాను. ఈ ఒక్కసారికి.

మంగళవారం

ఈ ఒక్కసారికి.

బుధవారం

అన్న ఎక్కువ నిద్రపోతున్నాడు. మంచిదే, నిద్ర పడితే ఒంటికి మంచిది. చేతులు చల్లగా ఉన్నాయి. చలికాలం వస్తోంది కదా.

మాత్ర ఇచ్చే ముందు చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పారేద్దామనిపించింది. పారేస్తే, అది నిజంగా కావలసిందై ఉంటే? నాకేం తెలుసు, నేనేమైనా డాక్టరునా? ఇచ్చాను. మింగాడు. నా చేత్తోనే నీళ్ళిచ్చాను.

పిట్ట వెళ్ళేముందు, "గడియకి నూనె వేశాను బాబాయ్, ఇప్పుడు బాగుందా?" అంది.

బాగుందన్నాను.

గురువారం

చలికాలం వస్తోంది కదా.

శుక్రవారం

స్నానాలగదిలో పడ్డాడు.

శనివారం

ఆసుపత్రి బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

నిన్న పొద్దున తలుపవతల ధబ్బుమని చప్పుడు. లోపల గడియ వేసుకున్నాడు. ఎన్నో తలుపులు తెరిచిన వేళ్ళు, ఆ ఒక్క తలుపు దగ్గర నాకు మొద్దుబారిపోయాయి. చివరికి భుజంతో గుద్దాను. అన్న నేల మీద. పెదాలు తెల్లగా. నాడి చూశాను. ఒకటి కొట్టి, ఇంకోటి కొట్టదేమో అన్నంత సేపు ఆగుతోంది. నాది మాత్రం చెవుల్లో మోతగా ఉంది.

ఇక్కడికొచ్చాక తీగలు అతికించి చూశారు. గుండె మరీ నెమ్మదిగా ఉందన్నారు. మాత్ర ఆపేశారు. రాత్రికి కళ్ళు తెరిచాడు.

పిట్ట పట్టీ విప్పి చూస్తుంటే కొక్కెం పక్కన గీతలు కనబడ్డాయి. పిన్నీసు గీతలు. తలెత్తి మా ఇద్దరి వైపూ చూసింది.

"ఎవరు విప్పారు దీన్ని?"

నా నాలుక అంగిలికి అంటుకుపోయింది. ఇనప్పెట్టె ముందు నిలబెట్టినప్పుడు కూడా ఇలాగే అయింది.

"నేనే" అన్నాడు అన్న. గొంతులో జీవం లేదు. "దురద పెడితే విప్పి గోక్కున్నాను. వెంటనే పెట్టేసుకున్నాను. దానికంత పోలీసు చూపులెందుకు?"

నా వైపు చూడలేదు.

ఆదివారం

డాక్టరు చెప్పాడు. గుండె ఒకసారి గుర్రంలా పరిగెట్టడం, ఒకసారి ఆగిపోయేలా ఉండటం, రెండూ ఉన్నాయట. ఒకదానికి మందిస్తే రెండోది ముదురుతుందట. అందుకని మందుతో కాదు, ఎద దగ్గర చర్మం కింద చిన్న యంత్రం పెట్టి, తీగ గుండెలోకి దింపాలి. మంగళవారం.

"ఈ ఒంటికి మళ్ళీ కత్తా?" అంది పిట్ట.

"అపాయం ఉంది. పెట్టకపోయినా అపాయమే."

గుర్రం ఆయనది కాదు. గుర్రం నాది.

సోమవారం

రాత్రి కంటిమీద కునుకు లేదు. పొద్దున్నే మెట్ల దగ్గర నిలబడ్డాను. డాక్టరు వచ్చేదాకా. పిట్ట కూడా వచ్చింది.

ముగ్గురం అన్న మంచం దగ్గరికి వెళ్ళాక, "పిట్టా, ఆ పట్టీ నా చేతికి కట్టు" అన్నాను.

"ఇప్పుడేంటి బాబాయ్?"

"కట్టమన్నాను."

"చిన్నోడా, ఊరుకో" అన్నాడు అన్న, కళ్ళు మూసుకునే.

"నువ్వూరుకో."

పిట్ట కట్టింది. ఫోను చూసుకుంది. దాని ముఖంలో రంగు ఎలా దిగిపోయిందో నేను చూశాను. ఫోను డాక్టరుకిచ్చింది. ఆయన అది చూశాడు, నన్ను చూశాడు, నా మణికట్టు పట్టుకుని ఆయనే చూశాడు.

"మధ్యాహ్నాలు ఇది మీ చేతికి ఉండేదా?"

"ఉండేది. విప్పింది కూడా నేనే. ఆయన కాదు. ఆయనకి తాళంచెవి ఎటు తిప్పాలో తెలియదు."

"ముందు మీరు కూర్చోండి పెద్దాయనా" అన్నాడు డాక్టరు. "ఎవరైనా ఈయన్ని కూర్చోబెట్టండి."

యంత్రం పెట్టడం ఆపేశారు. మాత్ర ఆగింది కాబట్టి అన్న గుండె దానంతటదే దారికొస్తుందన్నారు.

నేను కూర్చున్న చోటికి పిట్ట వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"మాత్ర నీ చేత్తోనే ఇచ్చేవాడివి కదా బాబాయ్" అంది.

ఆ ఒక్క మాటే అని వెళ్ళిపోయింది.

బుధవారం

నన్నూ పడుకోబెట్టారు. అన్న పక్క మంచమే. వేరే చోటివ్వమన్నాను, ఖాళీ లేదన్నారు.

ఎప్పటి నుంచో ఇలా కొట్టుకుంటోందట నా గుండె. ఇలాగే వదిలేస్తే నెత్తురు గడ్డకట్టి ఏదో ఒక రోజు తలలోకి ఎక్కేదట. మాత్రలిచ్చి చూస్తున్నారు.

పిట్ట వస్తుంది, తండ్రితో మాట్లాడుతుంది, వెళ్తుంది. నా మంచం దాని కంటికి ఖాళీ మంచమే.

శనివారం

మాత్రలకి లొంగలేదు.

మంగళవారం

పిట్ట ఇవాళ నా మంచం పట్టె మీద కూర్చుంది. చేతిలో కొత్త పట్టీ.

"కట్టుకో" అంది. కట్టింది. పొద్దున్నంతా నా చేతికే ఉంచింది. తర్వాత, "ఇప్పుడు విప్పు" అంది.

"వద్దమ్మా."

"విప్పమంటున్నాను బాబాయ్. విప్పడం నీకు రాదని చెప్పకు."

కొక్కెం మార్చింది. ఈసారి కాస్త సేపు పట్టింది. విప్పాను. దాన్ని తండ్రి చేతికి పెట్టింది. పెట్టగానే అది కీచుమని అరిచింది. అవతలి మంచంలో ఉన్న రోగి కూడా లేచి కూర్చున్నాడు, నర్సు పరిగెత్తుకొచ్చింది.

"మొదటి పూట కట్టుకున్నవాళ్ళ గుండె నడక నేర్చుకుంటుంది. ఇంకెవరికి కట్టినా అరుస్తుంది" అంది పిట్ట. "ఎంత గట్టి కొక్కెం పెట్టాలా అనే ఆలోచించాను ఇన్నాళ్ళూ. ఎవరి చేతికి ఉందో అడగాలని తట్టలేదు. ఇలా ఒకరి పట్టీ ఇంకొకరు కట్టుకుంటారని ఎవరికి తడుతుంది!"

"పిచ్చోళ్ళకి తడుతుంది" అన్నాడు అన్న గోడతో.

పిట్ట నవ్వలేదు. వెళ్ళేముందు మాత్రం దుప్పటి నా కాళ్ళ మీదకి లాగి వెళ్ళింది.

బుధవారం

శనివారం పొద్దున నన్ను తీసుకెళ్తారు. తొడ దగ్గర నరంలోంచి తీగ పంపి గుండె దాకా తీసుకెళ్ళి, లోపల తప్పు నడిచే చోట కాలుస్తారట. "భయపడకండి, రోజూ చేసే పనే" అన్నాడు డాక్టరు.

కనబడని చోటికి తీగ పంపడం నాకూ రోజూ చేసే పనే. లోపలేముందో వేలితో వినాలి. ఎంత బాగా విన్నా ఒక్కోసారి తీగ విరిగి లోపలే ఉండిపోతుంది. అప్పుడు తాళం పగలగొట్టి పారేస్తాం. తాళాలకైతే ఫర్వాలేదు.

భయమేస్తోంది. రాసేశాను. ఎవరు చదువుతారు.

భయం చావుకి కాదు. అదీ ఉందనుకో. తెలియకుండా పోతానేమో అని.

భోజనాలయ్యాక, చుట్టూ ఎవరూ లేనప్పుడు, గోడతో కాదు, తలుపుతో కాదు, ఆయన ముఖంలోకే చూసి అడిగాను. "అన్నయ్యా" అన్నాను. ఆ మాట గొంతులో తుప్పుపట్టిన తాళంకప్పలా తిరగలేదు, రెండోసారికి తిరిగింది.

"మొన్న పిట్ట అడిగితే, నువ్వు చెయ్యనిదానికి నేనే అన్నావు. ఒక్క క్షణం ఆలోచించలేదు. అంత తేలికగా అనగలిగినవాడివి, ఆ రోజు నాన్న ముందు నా వైపు వేలెందుకు చూపించావు?"

పిట్ట మళ్ళీ తన చేతికి కట్టిన పట్టీనే చూసుకుంటున్నాడు. తర్వాత, "ఎప్పటి మాటరా అది" అని అటు తిరిగాడు.

ఎప్పటి మాటో నాకు తెలుసు. ఎప్పుడూ ఉన్న మాటే. నేను ఆ వీపుకే చెప్పాను.

"గడియారం ఎవరు తీశారో నాకక్కర్లేదు. నువ్వే తీసుంటే తీశావు, ఏ నూతిలో పడేశావో పడేశావు. నా వైపే వేలెందుకు చూపించావో అది చెప్పు. చిన్నవాణ్ణనా? ఎదురు చెప్పలేననా? పక్కన నిలబడింది నేనే కాబట్టా? ఏదైనా సరే, నాకు కావాలి. శనివారం పొద్దున తీసుకెళ్తారు. శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగేలోపు చెప్పాలి. గోడకి కాదు. నాకు."

వీపు కదల్లేదు. నిద్రపోయినట్టు ఊపిరి తీస్తున్నాడు. కానీ ఆయన పట్టీ మీద చిన్న దీపం ఉంటుంది, నాడి వేగం పెరిగితే గబగబా మిణుకుతుంది. మిణుకుతోంది.

శుక్రవారం, అన్నయ్యా. దీపాలు వెలిగేలోపు.